స్పీకర్లు చాలండి

గుమ్మంలో అడుగుపెట్టగానే మనిషిని చదివేస్తానని విశ్వనాథ్‌కి గట్టి నమ్మకం. రాజమండ్రి మెయిన్ రోడ్డులో కంప్యూటర్ల షాపు పెట్టి ఆరేళ్ళయింది. ఎవరు కొనడానికి వచ్చారో, ఎవరు ఏసీలో కాసేపు నిలబడిపోదామని వచ్చారో మొహం చూసి చెప్పేస్తాడు.

ఆ ఆదివారం ధవళేశ్వరం నుంచి వచ్చిన ముగ్గురినీ కూడా ఇట్టే చదివేశాడు. తండ్రి దొరబాబు. నలగని చొక్కా, మెత్తటి మాట. బంగారంలాంటి మనిషి. కొడుకు సాయి, ఎనిమిదో క్లాసు. ఆటల పిచ్చి. తల్లి పావని మటుకు ఏసీ పడలేదో ఏమో, కొంగు భుజాల చుట్టూ బిగించి కప్పుకుని ఓ మూల కూర్చుంది.

"మావాడి కంప్యూటర్లో తుపాకుల ఆట ఆగి ఆగి నడుస్తోందండి. పదివేల లోపు ఏదైనా చెయ్యండి," అన్నాడు దొరబాబు.

"ర్యామ్ పెంచాలండి. మంచి గ్రాఫిక్స్ కార్డు పడాలి. ఆ కార్డు లాగే కరెంటుకి పాత పవర్ సప్లై చాలదు, అదీ మార్చాలి. అన్నీ కలిపి మీరన్న పదివేలకి సరిపోతాయండి."

సాయి అప్పటికే కార్డు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"మరి హెడ్‌ఫోన్సండీ?" అన్నాడు దొరబాబు.

"అవి కూడా అంటే కార్డు చిన్నదానికి దిగాలండి. ఆటకి కార్డే ప్రాణం."

"చిన్నదే ఇవ్వండి. హెడ్‌ఫోన్స్ మటుకు మంచివి ఉండాలి. చెవులు పూర్తిగా మూసుకోవాలి."

అప్పటిదాకా నోరు విప్పని పావని చటుక్కున లేచింది.

"వద్దండి. వాడి చేతిలో ఉన్న కార్డే ఇప్పించండి. ఇంట్లో స్పీకర్లున్నాయి కదండీ. స్పీకర్లు చాలండి."

దొరబాబు నవ్వాడు. "ఇల్లంతా మోతెక్కిపోతోంది కదా పావనీ!" అని విశ్వనాథ్ వైపు తిరిగాడు. "పగలంతా ఆఫీసులో తల వేడెక్కిపోయి వస్తానండి. ఇంటికొచ్చాక నాకూ కాస్త వీలుగా ఉండాలా వద్దా?"

"మరేనండి!"

విశ్వనాథ్ కళ్ళు పైఅరలోకి పోయాయి. పోయినేడు మోజుపడి చెన్నై నుంచి తెప్పించిన పెద్ద నల్ల హెడ్‌ఫోన్స్ అక్కడే పడున్నాయి. ధర అడిగినవాడే తప్ప కొన్నవాడు లేడు. ఇంతటి బేరం మళ్ళీ తగులుతుందా? క్షణంలో ప్లేటు ఫిరాయించేశాడు.

"అసలు ఆటలో సగం మజా చప్పుడులోనే ఉందండి!" అంటూ దుమ్ము తుడిచి కుర్రాడి చెవులకి తగిలించాడు. షాపులో ఉన్న కంప్యూటర్లో ఆట పెట్టాడు. సాయి కళ్ళింతలు చేసుకుని బిగుసుకుపోయాడు.

"సాయీ, ఇలా రా నాన్నా," అని పిలిచింది పావని.

పలకలేదు. ఈసారి గట్టిగా పిలిచింది. ఊహూఁ.

"చూశారా అమ్మా! పక్కన టపాకాయ పేలినా వినపడదు," అన్నాడు విశ్వనాథ్.

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. ధర తలుచుకుని దిగులుపడుతోంది కాబోలు అనుకున్నాడు మనుషుల్ని చదివే విశ్వనాథ్. పీనాసి మనిషి, పాపం. అంత మంచి మొగుడికి ఇదేం జోడీ!

"మావాడికి నిలకడ తక్కువండి," అన్నాడు దొరబాబు. "మంచి ఆట మధ్యలో ఉన్నా సరే, అమ్మా అమ్మా అంటూ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేస్తాడు."

"అమ్మకూచి అన్నమాట! ఇవి పెట్టాక కుర్చీలోంచి లేస్తే నన్నడగండి."

"అదే కావాలండి."

సాయి హెడ్‌ఫోన్స్ తీసి తల్లి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అమ్మా, తూటా నా చెవి పక్కనుంచే వెళ్ళిందే! నాకు పెద్ద కార్డు వద్దు. ఇవే కొనిపించు."

పావని వాడి తల నిమిరింది.

సాయంత్రం విశ్వనాథ్ స్వయంగా ధవళేశ్వరం వెళ్ళి, కాలవగట్టు పక్కనున్న ఆ ఇంట్లో అన్నీ బిగించాడు. ఆట జారుడుబల్ల మీద జారినట్టు నడిచింది. దొరబాబు కొడుకు వెనక నిలబడి "సాయీ!" అని కేకేశాడు. చప్పట్లు చరిచాడు. సాయి తల తిప్పలేదు.

"భలే సరుకిచ్చారండి," అంటూ విశ్వనాథ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇలాంటి తండ్రులు ఊరికొకరుంటే చాలు, తన షాపు రెండంతస్తులవుతుంది అనుకుంటూ బయటికొచ్చాడు విశ్వనాథ్.

గేటు దాకా వచ్చింది పావని. వెనక్కి ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, అవి పాడైపోతే మళ్ళీ స్పీకర్లు పెట్టుకోవచ్చాండి?"

విశ్వనాథ్‌కి నవ్వాగలేదు. "పాడవ్వవు చెల్లెమ్మా! రెండేళ్ళు గ్యారంటీ. ఏమైనా అయిందా, ఒక్క ఫోన్ కొట్టండి. కొత్తవి తెచ్చి నేనే తగిలిస్తాను."

ఆమె ఇంకేదో అడగబోయింది. లోపల్నుంచి "పావనీ" అని మెత్తగా పిలుపు వినపడింది. చెంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బండి నాలుగిళ్ళు దాటాక గుర్తొచ్చింది, స్క్రూడ్రైవర్ కంప్యూటర్ పక్కనే మర్చిపోయాడని. తనని తనే తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. గుమ్మం తీసే ఉంది. ముందుగదిలో సాయి ఒక్కడే తెరకేసి చూసి నవ్వుకుంటూ శత్రువుల్ని కాల్చేస్తున్నాడు. స్క్రూడ్రైవర్ తీసుకుందామని వంగాడు విశ్వనాథ్.

మూసిన వంటింటి తలుపు అవతల నుంచి, "ఇప్పుడు పిలవ్వే నీ కొడుకుని" అంటున్న దొరబాబు మెత్తటి గొంతూ, మాటమాటకీ ఒక బెల్టు దెబ్బా వినపడ్డాయి.