చెయ్యి చూసే విఠల్

“నమస్తే మాస్టారూ” అంటూ గిరిజ లేచి నిలబడింది. పట్టాభిరామయ్య ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీని ఒకసారి చూసి, వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

“పాపం, పలకరించింది కదండీ!” అంది భార్య సరోజ.

“చేతులు చూసేవాడి పెళ్ళాంతో నాకేం మాటలు? ఊరందరి గండాలూ చెప్పినవాడికి తన గండం తెలియలేదు. అదీ ఆ విద్య పస!”

సరోజ స్వెటర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది.

ఆక్లండ్‌లో ఆ ఉదయం కరోనర్ విచారణ. మనిషి ఎలా పోయాడో, అసలు పోయాడో లేదో తేల్చే న్యాయాధికారిని ఇక్కడ కరోనర్ అంటారు.

తేలవలసింది గిరిజ భర్త విఠల్ సంగతి. ఊరి శివార్లలోని బోటనీ డౌన్స్‌లో, డెయిరీ అని ఇక్కడివాళ్ళు పిలిచే చిల్లర కొట్టు వెనక చిన్న ఫ్లాట్‌లో ఉంటూ, చేతులు చూసి జాతకాలు చెప్పేవాడు. కిందటేడు ఒక అమావాస్యనాడు తల్లికి తర్పణం వదలడానికని పడమటి తీరానికి వెళ్ళి తిరిగి రాలేదు. గట్టు మీద కారు దొరికింది. రాళ్ళ మీద చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు.

పోయాడని కరోనర్ తేలిస్తే గిరిజ అతనికి కర్మ చేయిస్తుంది. తేల్చకపోతే ఆమె అటు భర్త ఉన్నదీ కాదు, ఇటు లేనిదీ కాదు.

‘బ్రిస్బేన్‌లో కనిపించాడట’ అన్న పుకారు పట్టుకుని, తానూ మాట్లాడతానని ముందుకొచ్చినవాడు పట్టాభిరామయ్య. ఫిజిక్స్ మాస్టారుగా రిటైరై, తెలుగు సంఘంలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే మనిషి. తన వంతు రాగానే కోటు సర్దుకుని వెళ్ళి నిలబడ్డాడు.

“బ్రిస్బేన్‌లో ఆయన్ని మీరు చూశారా?” అడిగింది కరోనర్.

“నేను కాదు. నా స్నేహితుడి బావమరిది.”

“ఆయన స్వయంగా చూశారా?”

“చూసినవాళ్ళు ఆయనకు చెప్పారు.”

వెనక ఎవరో దగ్గారు.

పట్టాభిరామయ్య గొంతు పెంచాడు. “అది అలా ఉంచండి మేడం. అసలు మనిషి ఎలాంటివాడో చూడండి! చెయ్యి పట్టుకుంటే పావుగంట వదిలేవాడు కాదట. గీతలు చాలవన్నట్టు గోళ్ళు చూసేవాడు. కంటి కింది రెప్ప లాగి చూసేవాడు. నాలుక చాపమనేవాడు. శనీశ్వరుడు వచ్చి నాలుక మీద కూర్చుంటాడా?”

హాల్లో నవ్వులు లేచాయి. గిరిజ తల వంచుకుంది.

“మోసం బయటపడేలోగా పారిపోయి ఉంటాడు. అంతే!”

“సముద్రంలో పడిపోయి ఉండటానికి వీల్లేదంటారా?”

“వీల్లేకేం? అమావాస్యకు సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నుంచి లాగుతారు. పోటు మామూలు కంటే మీదికొస్తుంది. ఎనిమిదో క్లాసు పిల్లవాడికి తెలిసిన విషయం. పంచాంగం చంకలో పెట్టుకు తిరిగేవాడికి తెలియలేదు! అలాంటి రోజున ఆ రాళ్ళ మీద నిలబడ్డవాడు మిగలడు.”

“మిగలడు” అని కరోనర్ నెమ్మదిగా రాసుకుంది. “థాంక్యూ. నాకు తేలవలసింది అదే.”

తానేం అన్నాడో కుర్చీ దాకా వచ్చాక గానీ పట్టాభిరామయ్యకు తట్టలేదు. ముందు వరసలోంచి గిరిజ వెనక్కి తిరిగి చేతులు జోడించింది.

ఆయన మొహం తిప్పుకున్నాడు.

“మీకొక మాట చెప్పాలి” అంది సరోజ, గొంతు తగ్గించి.

“ఇప్పుడా?”

“పోయినేడు నాకు పెద్దపేగులో కణితి బయటపడింది కదండీ...”

“సకాలంలో పట్టుకున్నాం. సైన్స్ బతికించింది. సంఘంలో కూడా చెప్పానుగా?”

“ఆసుపత్రికి తీసుకెళ్ళమని మిమ్మల్ని అడిగింది నేను. అడగమని నాకు చెప్పింది విఠల్.”

పట్టాభిరామయ్య కళ్ళజోడు తీశాడు. “నువ్వు వాడి దగ్గరికి వెళ్ళావా?”

“వెళ్ళాను. మీరు అరుస్తారని చెప్పలేదు. ‘పొట్టలో రాహువు కూర్చున్నాడమ్మా. శాంతికి ముందు రక్తపరీక్ష చేయించుకో. గొట్టంతో లోపల దీపం పెట్టి చూసేదాకా డాక్టర్లను వదలకు’ అన్నాడు.”

“గుడ్డి దెబ్బ! వందమందికి రాహువంటే ఒకరికి తగులుతుంది. దాన్ని స్టాటిస్టిక్స్ అంటారు సరోజా.”

“కావచ్చు. కానీ ఒంట్లో రక్తం తగ్గి నా గోళ్ళు చెంచాల్లా లోపలికి గుంటపడ్డాయని చూశాకే అన్నాడు. మీరూ ఇన్నేళ్ళుగా నా పక్కనే ఉన్నారు. చూశారా?”

సరోజ స్వెటర్ చేతులు పైకి తోసుకుంది. ఇప్పుడా గోళ్ళు నున్నగా, ఎర్రగా ఉన్నాయి.

ఆయన ఏదో అనబోయాడు. అంతలో కరోనర్ తీర్పు మొదలుపెట్టింది. విఠల్‌ను సముద్రమే తీసుకుపోయిందనీ, అది ప్రమాదమేననీ చెప్పింది.

గిరిజ చాలాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కరోనర్ ఆగి, ఆమె తేరుకున్నాక మెత్తగా అడిగింది.

“ఒక్కటే మిగిలింది. వృత్తి దగ్గర పోలీసులు ‘పామిస్ట్’ అని రాశారు. అలాగే ఉంచమంటారా?”

గిరిజ లేచి నిలబడింది.

“కాకినాడలో ఆయన డాక్టరు మేడం. ఇక్కడ వైద్యం చెయ్యడానికి రిజిస్ట్రేషన్ రాలేదు. నాడి పట్టుకోవడానికి వేరే దారి లేక, చెయ్యి చూస్తానని బోర్డు పెట్టుకున్నారు.”