సాగిన బెల్టు

మెకానిక్కయిన మా బావమరిదే నా కొంప ముంచాడు. నేను అడగకుండానే రికార్డు ప్లేయర్ విప్పి కొత్త బెల్టు వేశాడు.

ముల్లు పెట్టగానే, ఇరవై ఏళ్ళుగా నన్ను ఏడిపించిన జాజ్ శాక్సఫోన్ చిందులు తొక్కింది.

“ఇదేంట్రా, పాట పరిగెడుతోంది?”

“అసలు పాట ఇదే బావా. బెల్టు సాగిపోయి ఇన్నాళ్ళూ నెమ్మదిగా తిరిగింది.”

ఆ శాక్సఫోన్ వాయించినవాడి గుండెకోత నాకొక్కడికే అర్థమైందని ఎంతమంది బుర్ర తిన్నానో!

జాజ్ మొదలవగానే వంటింటి తలుపేసుకునే మా ఆవిడ, గడపలో నిలబడి కాలితో తాళం వేస్తోంది.

“డాన్సు పాటకా మీరింతకాలం ఏడ్చింది? ఇలా ఉంటే నేనూ పక్కన కూర్చునేదాన్నిగా!”

జరిగి చోటిచ్చాను. ఇరవై ఏళ్ళ కిందట పాత సామాన్ల కొట్టులో ఆ ఏడుపు విని మనసాగకే, ప్లేయరూ రికార్డూ కొనడానికి పదమూడు సెంట్ల ఇంటిస్థలం అమ్మాను.