రాతపరీక్ష

“విండోస్ అబద్ధం ఆడుతుంది. లినక్స్ ఆడదు,” అన్నాడు మన్మథరావు, సాయిలక్ష్మి కొట్లో బల్ల మీద తన లేప్‌టాప్ తెరుస్తూ.

నర్సీపట్నంలో ఆయన్ని లినక్స్ మన్మథరావు అంటారు. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే. రిటైరై నాలుగేళ్లయింది. పసిపిల్లకి దిష్టి తీయించుకున్నట్టు, కొత్తగా కొన్న పెన్‌డ్రైవును బలిఘట్టం నుంచి కూడా తెచ్చి ఆయనకి చూపించుకుపోతారు. ఆయన స్పీడు కొలిచి చెబితే అదే తీర్పు.

ఇవాళ్టి కేసు పెద్దది. గొలుగొండ వైపు జీడి రైతుల సంఘం ఒకటి గోదాములకు కెమెరాలు పెట్టిస్తోంది. వాటికి నలభై మెమరీ కార్డులు కావాలి. సాయిలక్ష్మి కొట్టు తెరిచి మూడు నెలలే. ఇదే మొదటి పెద్ద ఆర్డరు. ఇది పోతే ఒక్క ఆర్డరే పోదు. నకిలీ సరుకు అమ్ముతుందన్న పేరొస్తే కొట్టుకి తాళం వేసుకోవాలి. సంఘం కార్యదర్శి సింహాద్రికీ ఆ సంగతి తెలుసు. అందుకే స్టూలు మీద ఇబ్బందిగా కూర్చున్నాడు.

మన్మథరావు ఒక అట్ట చింపి, లోపలి నల్ల ముక్కను బయటికి తీశాడు. అరచేతిలో వేసుకుని తూచాడు.

“తేలిగ్గా ఉంది. నకిలీ సరుకు లక్షణం.”

“సార్, ఒక్క మాటండి,” అంది సాయిలక్ష్మి.

“పరీక్ష హాల్లో మాటలుండకూడదమ్మా.”

దాన్ని లేప్‌టాప్ పక్కనున్న సందులో దూర్చాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొట్టాడు. ఒక జీబీ సున్నాలు రాయించి, ఎంతసేపు పట్టిందో చూడటమే పరీక్ష. మధ్యలో కంప్యూటరు సణగకుండా, తప్పుల మెసేజీలేవీ తెర మీదికి రానివ్వొద్దని ఎప్పుడో కట్టడి చేసి పెట్టుకున్నాడు. అవి చూస్తే ఆయనకి బీపీ పెరుగుతుంది.

అట్ట మీద సెకనుకు ఎనభై ఎంబీ అని ఉంది. తెర మీద ఇరవై రెండు అని వచ్చింది.

“చూశావా సింహాద్రీ, రాత బాగోలేదు.”

“రాత బాగోపోతే ఎవులేటి సేత్తారండి,” అని నిట్టూర్చాడు సింహాద్రి. ఆయన తలరాత అనుకున్నాడు.

రెండో అట్ట చింపాడు. ఇరవై రెండు. మూడోదీ అంతే. ఆరు అట్టలు చింపినా ఆ అంకె ఇటు నుంచి అటు జరగలేదు.

“ఒక తల్లి పిల్లలు కూడా ఇంత అచ్చుగుద్దినట్టు ఉండరు. అన్నీ ఒకే దొంగ ఫ్యాక్టరీ సరుకు.”

“సార్, ఆ అట్టలోనండి...”

“అట్ట మీద ఏమైనా అచ్చేసుకుంటారమ్మా. అట్టనే నమ్మితే ఇక నేనెందుకు?”

సాయిలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమూ వచ్చింది. పెద్దలు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదని చిన్నప్పటి నుంచీ నూరిపోసిన వాళ్లందరి మీదా వచ్చింది.

మన్మథరావు కాగితం అడిగి తీసుకుని రిపోర్టు రాశాడు. రాసి, గొంతు సవరించుకుని చదివాడు.

“పరీక్షించిన సరుకు ఎడ్లబండి కన్నా కనాకష్టం. దీన్ని నమ్ముకున్నవాడు నట్టేట మునుగుతాడు. తక్షణం చెత్తబుట్టలో వేయదగినది.”

కింద సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు.

సింహాద్రి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు. ఆడకూతురి ఉసురు తగులుతుందని ఆయన భయం.

“అమ్మా, ఇందాకట్నుంచి ఏటో సెప్పబోతన్నావు. బేగి సెప్పు. నాను పోయి ఆర్డరు కేన్సిలు సెయ్యాల.”

మన్మథరావు నోరు తెరవబోయాడు. సింహాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

సాయిలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“కార్డులన్నీ ఇంకా అట్టల్లోనే ఉన్నాయి బాబాయ్, సారు ఎక్కించినవి కార్డు దూర్చుకునే వొట్టి ఎడాప్టరు తొడుగులు, కార్డు లేక సున్నాలన్నీ తనలోనే రాసుకుంది, ఆ ఇరవై రెండు స్పీడూ సారు లేప్‌టాప్‌దేనండి.”