ఆ పేరు చెప్పే మనిషి

తమ్ముడు అళగిరికి అక్క రాసేది. నీ మోకాలు ఎట్లుంది? మరదలి దగ్గు తగ్గిందా? పాప పాలు తాగుతున్నదా? నాకు మీ దిగులే.

ఇక్కడ బియ్యానికి రేషన్ కార్డు ఇస్తున్నారు. ఆఫీసులో మొగుడి పేరు అడుగుతారు, ఆడవాళ్ళు చెప్పరు గదా. మగవాళ్ళు ఆ వేళకు మిల్లులో ఉంటారు. అందుకని నేనే తోడు వెళ్ళి, వాళ్ళ మొగుళ్ళ పేర్లు చెప్పి, మా వీధిలో పద్నాలుగు ఇళ్ళకు కార్డులు ఇప్పించినాను.

నిన్న ఎదురింటి వల్లియమ్మాళ్‌ను తీసుకుపోయినాను. మొగుడు పటాలంలో ఉన్నాడు, ఇంట్లో గింజ లేదు. గుమస్తా పేరు అడిగినాడు. ఆమె నన్ను చూసింది. నేను నేలను చూసినాను.

"ఏమవ్వా, ఊళ్ళో మొగుళ్ళ పేర్లన్నీ చెప్తివే, ఈయనకు పేరే పెట్టలేదా?" అన్నాడు.

పెట్టినారు. పోయిన మీ బావగారి పేరే పెట్టినారు. నేనెట్లా చెప్పేది?

ఆ పేరు నీకు గుర్తుందో లేదో అని ఇప్పుడు ఇంకో దిగులు. ఇందులో రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

మజ్జిగ తాగి బయలుదేరు, బస్సులో చెయ్యి బయట పెట్టవద్దు. వచ్చే శుక్రవారం పొద్దున తళవాయిపురం బస్సుకు వచ్చి ఆఫీసులో ఆ పేరు రెండుసార్లు చెప్పిపో, నాకూ ఇంకా కార్డు లేదు.