లీటరుకు పది

"డీజిల్ యాడ అమ్మినావు?"

పూతలపట్టు దగ్గర బంకులో ట్యాంకు నింపించి, లెక్క చూసుకున్న వెంటనే గుణశేఖర్ అడిగిన మాట అది. డ్రైవరు సుకుమార్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. గుణశేఖర్ అద్దెకు తిప్పే కారవాన్‌ను అతనే నడుపుతాడు. లోపల మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్న పెద్ద బండి. ఓ కుటుంబాన్ని హార్స్‌లీ కొండకు తిప్పుకొచ్చి చిత్తూరులో దింపి, అక్కడ ఓనరునూ ఆయన భార్య ఐశ్వర్యనూ ఎక్కించుకుని తిరుపతికి వెళుతున్నాడు.

"నేను అమ్మడమేందన్నా?"

"లీటరుకు పది కిలోమీటర్లు ఇయ్యాల్సిన బండి ఆరిచ్చింది. మిగతాది యాడికి పోయింది?"

"పది యాడిస్తాదన్నా? ఇల్లు నెత్తిన పెట్టుకొని పోయినట్టుంటాది బరువు. రాత్రంతా ఏసీ ఆపనీలేదు వాళ్లు. కొండెక్కేటప్పుడు రెండో గేరు దాటలేదు. దీనికి ఆరొస్తే మేలే."

"పదిస్తాదని కంపెనీవోడు చెప్పినాడు."

"వాళ్లు ఖాళీ బండిని మంచి రోడ్డు మీద తోలి చెప్తారు. ట్యాంకు నిండుగా ఉండాది గదా, నువ్వే నా పక్కన కూర్చో. తిరుపతి దాకా పోయి సూసుకుందాం."

గుణశేఖర్ ఆ మాటే పట్టించుకోలేదు. తాళం పీకి జేబులో వేసుకున్నాడు.

"పా, స్టేషన్‌కు పోదాం."

సుకుమార్ మొహం పాలిపోయింది. శ్రీ సిటీలో కంపెనీ బస్సు నడిపే ఉద్యోగం వచ్చింది అతనికి. మీద కేసులేమీ లేవని పోలీసులు చెబితేనే చేర్చుకుంటారు. అతని భార్య నిస్సీ అక్కడ అద్దె ఇల్లు కూడా చూసి వచ్చింది. ఆ సంగతి పొద్దున సుకుమారే సంబరంగా గుణశేఖర్‌కు చెప్పాడు.

"కేసు వద్దన్నా. ఆ పని పోతాది."

"అయితే ఒప్పుకో. ఫోన్ ముందర నిలబడి చెప్పు. కేసు పెట్టను. ఎవురికీ సూపను."

"సెయ్యని దొంగతనం ఎట్లొప్పుకునేదన్నా?"

"సరే, ఆ మాట ఎస్సైకి చెప్పుకో."

సుకుమార్ బండి కిటికీ వైపు తిరిగాడు. "వదినా, నువ్వన్నా చెప్పు."

ఐశ్వర్య కర్టెన్ లాగేసుకుంది.

అతను ఫోన్ ముందు నిలబడ్డాడు. మొదటిసారి నోట్లోనే గొణిగాడు.

"గట్టిగా," అన్నాడు గుణశేఖర్. "బండి ఎంతిస్తాదో కూడా చెప్పు."

డీజిల్ పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు బళ్లు దిగి చూస్తున్నారు. ఎవరో నవ్వారు.

"ఈ బండి లీటరుకు పదిస్తాది," అన్నాడు సుకుమార్, నేల చూస్తూ. "నెల నుంచి డీజిల్ నేనే తీసి అమ్ముకుంటా ఉండాను. బండి తప్పేం లేదు."

"ఇంకోసారి. తలెత్తి."

మళ్లీ చెప్పాడు. కళ్లలో నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

గుణశేఖర్ అతని సంచీ తెచ్చి కింద పడేశాడు. ఇక రావద్దన్నాడు. సుకుమార్ సంచీ దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా బస్సుల కోసం కూడలి వైపు నడిచాడు.

గుణశేఖర్ డ్రైవరు సీట్లో కూర్చుని ఫోన్ తీశాడు. ఐశ్వర్య ముందుకొచ్చి పక్కన కూర్చుంది.

"వాడు నిజంగానే తీసినాడంటారా?"

"సుకుమారా? వాడు డీజిల్ సుక్క కూడా ముట్టడు."

"మరి ఆ వీడియో ఎవురికి పంపిస్తా ఉండారు?"

"ఈ బండి కొనడానికొచ్చి, లీటరుకు ఆరే ఇస్తా ఉండాది, వద్దని పోయిన వారం వెనక్కి పోయినాడే, ఆ వేలూరాయనకి."