ఎవరి బండి గొప్పది?

మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. ఊరి చివర, మా అరుగు మీంచి కనిపించే కల్లంలో మిరపకాయలన్నీ ఆరబోసి ఉన్నాయి. నా మనవడు చైతన్యకృష్ణ, వాడి స్నేహితుడు అబ్దుల్లా మాత్రం మా వాకిట్లో నిలబడి తమ స్పోర్ట్స్ బళ్ళ గురించి కొట్లాడుకుంటున్నారు.

"నా టూ స్ట్రోక్ పికప్ ముందు నీదెంతరా?" అన్నాడు మనవడు.

"పొగ తప్ప ఏముందిరా దానిలో? నా ఫోర్ స్ట్రోక్ తాగే పెట్రోలుకి రెట్టింపు తాగుద్ది," అన్నాడు అబ్దుల్లా.

"ఒరేయ్, కాయ తడిస్తే ఏడాది కష్టమంతా బూజు పట్టిపోద్దిరా! వెళ్ళి పట్టాలు కప్పండ్రా!" అని గొంతు పోయేలా అరిచాను. ఒక్కడూ వినిపించుకోలేదు.

ఒళ్ళు మండిపోయి, చెరొక పట్టా చేతిలో పెట్టాను.

"ఎవడు ముందు కల్లానికి చేరితే వాడి బండే గొప్పది. నేను అరుగు మీంచి చూస్తుంటా, పొండి."

రెండు బళ్ళూ ఒక్కసారే దూకాయి. కాసేపటికి వాన దంచికొట్టింది.

వాన వెలిశాక ఇద్దరూ తడిసి ముద్దయి వచ్చారు.

"ఒక్క కాయ కూడా తడవలేదు నాయనమ్మా. ఇప్పుడు చెప్పు, ఎవరు ముందు?"

"నాకేం తెలుసురా? పత్తి లారీలు తిరిగే రోడ్డది. మీరు బయల్దేరినప్పుడు మూసుకున్న కళ్ళు ఇప్పుడేగా తెరిచాను!"