మంచు మీద బిళ్ళ

“ఆ డబ్బా ముట్టుకోకు,” అంది ఒడీల్.

ఫ్రీజరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మోనెట్ చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లి మాట గట్టిగా కూడా లేదు. గట్టిగా అరిచినా బాగుండేది అనిపించింది మోనెట్‌కి.

రొయ్యలు, పీతలు, సాసేజిలు అన్నీ అప్పటికే బుట్టలోకి చేరాయి. వీధి చివర క్లెబేర్ పెద్ద గంగాళం పొయ్యి మీదికెక్కించి, అందరి ఫ్రీజర్లలో ఉన్నవీ తెప్పించి ఉడికిస్తున్నాడు. ఊరు ఖాళీ చేసే ముందు కడుపు పగిలేలా తినడం బాయూ అనే ఆ చిత్తడి ఏటి ఒడ్డు జనానికి అలవాటే. గాలికీ వానకీ వదిలేసే బదులు పొట్టలో వేసుకోవడం నయం కదా! ఈసారి తుఫానుకి రోజాలీ అని పేరు పెట్టారు. క్లెబేర్ అత్తగారి పేరూ అదే. ఆ పేరు వింటే పారిపోవడం తనకి కొత్తేం కాదని పొద్దుటినుంచీ కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు.

ఫ్రీజరులో మిగిలింది ఆ ఒక్క డబ్బా. మూత మీద తెల్ల టేపు, టేపు మీద ఎల్ఫెజ్ చేతిరాత: ‘రేపటికి’. ఒడీల్ మొగుడతను. చలికాలంలో ఒకరోజు గంబో అనే చిక్కటి రొయ్యల పులుసు వండి, సగం తిని, మిగతా సగం అందులో పోసి, ఆ మాట రాసి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి ఆ గంబో ఒడీల్ తినదు, ఇంకొకరిని తిననివ్వదు. రోజూ ఫ్రీజరు తెరిచి చూస్తుంది, మూసేస్తుంది. ఏడవదు. కూతురికి అదే భయం.

“కరెంటు పోతే కుళ్ళిపోతుందమ్మా. పోయిన తుఫానుకి వీధి వీధంతా ఫ్రిజ్‌లకి టేపు చుట్టి బయట పడేశారు. ఆ కంపు గుర్తులేదా?”

“గుర్తుంది.”

“పోనీ ఐసుపెట్టెలో పెట్టి మనతో తీసుకుపోదాం.”

“వద్దు. అక్కడే ఉండనీ. కప్పు పెడదాం, అదే చెబుతుంది.”

ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పెట్టే కప్పే అది. కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, మంచు మీద పావు డాలరు బిళ్ళ ఒకటి ఉంచి వెళతారు. తిరిగొచ్చేసరికి బిళ్ళ పైనే ఉందా, కరెంటు పోలేదన్నమాట, తిండికి ఢోకా లేదు. అడుక్కి దిగిందా, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, అన్నీ చెత్తలోకే.

“అడుగునుంటే పారేస్తావా మరి?” అని నిలదీసింది మోనెట్.

“పారేస్తాను.”

టీ పెట్టనా అంటే పెట్టు అన్నంత తేలిగ్గా చెప్పింది. మోనెట్ నమ్మలేదు గానీ, వాదించే ఓపిక కూడా లేదు. నిచ్చెన వేసుకుని కిటికీలకి చెక్కలు బిగించడానికి బయటికి వెళ్ళింది. ఏ చెక్క ఏ కిటికీదో వాటి మీద తండ్రి సుద్దతో రాసిపెట్టి పోయాడు కాబట్టి పని తొందరగానే తెమిలింది. లోపల ఒడీల్ స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టింది. నీళ్ళు చొరబడవని పెళ్ళి ఫొటోలన్నీ గిన్నెలు కడిగే మిషన్లో పెట్టి మూసింది. ఎల్ఫెజ్ ఫొటో కూడా పళ్ళెం సర్దినట్టే సర్దింది. మర్నాడు కారెక్కేటప్పుడు కప్పు పెట్టావా అని కూతురు అడిగితే పెట్టానంది.

సముద్రానికి దూరంగా మన్రో ఊళ్ళో చుట్టాలింట్లో ఉన్నన్నాళ్ళూ అందరూ టీవీకి అతుక్కుపోయారు, ఒడీల్ తప్ప. మోనెట్ మాత్రం మేరీమాతకి ఒకటే మొక్కు మొక్కింది. ఇంటి కప్పు ఎగిరిపోతే ఎగిరిపోనీ, కరెంటు మాత్రం పోనివ్వకు తల్లీ అని. నాన్న ఎలాగూ పోయాడు, అమ్మకి ఆ డబ్బా అయినా మిగలాలి.

రోజాలీ చివరి ఘడియలో పడమరకి తిరిగిపోయింది. వీళ్ళు తిరిగొచ్చేసరికి ఇల్లు చెక్కు చెదరలేదు. వాకిట్లో మరిచిపోయిన కుర్చీ ఒకటి క్లెబేర్ కంచెకి వేలాడుతోంది, అంతే. మీ అత్తగారు ఈసారికి దయతలిచిందని ఎవరో అంటే క్లెబేర్ నవ్వుతున్నాడు. ఒడీల్ ఆ కుర్చీ కోసం అటు వెళ్ళింది.

మోనెట్ ఒక్క పరుగున వంటింట్లోకి పోయి స్విచ్చి వేసింది. లైటు వెలిగింది. ప్రాణం లేచొచ్చింది. ఫ్రీజరు తెరిచి కప్పు చేతిలోకి తీసుకుంది.

బిళ్ళ అడుగునుంది.

పోయి వచ్చిందన్నమాట కరెంటు. డబ్బా వంక చూసింది. రాయిలా గడ్డకట్టే ఉంది, టేపు మీద ‘రేపటికి’ అలాగే ఉంది. అమ్మ దాన్ని ఎలాగూ తినదు, చూసుకోవడానికే కదా! చూసుకునేదానికి కుళ్ళితే ఏం, కుళ్ళకపోతే ఏం? ఇక ఆలోచించలేదు. కప్పుని వేడినీళ్ళ కింద పట్టి మంచుగడ్డని జార్చింది. అడుగున అతుక్కున్న బిళ్ళని గోటితో ఊడబెరికి, గడ్డని మళ్ళీ కప్పులో దించి, బిళ్ళ పైన పెట్టి, తలుపు వేసింది.

ఒడీల్ కుర్చీ లోపల పెట్టి, తిన్నగా ఫ్రీజరు దగ్గరికొచ్చి తలుపు తీసింది.

“పైనే ఉందమ్మా,” అంది మోనెట్. “పారేయక్కర్లేదు. నాన్న గంబో నీ దగ్గరే ఉంటుంది.”

ఒడీల్ కప్పు వంక చాలాసేపు చూసింది. తర్వాత కూతురి తడి చేతుల వంక చూసింది. చలికాలం నుంచీ మొదటిసారి ఆవిడ గడ్డం వణికింది.

“నీళ్ళు పోయకముందే బిళ్ళని అడుగున వేసింది నేనే తల్లీ, ఆ డబ్బా నా అంతట నేను పారేయలేక.”